పాత చానెల్ స్విచింగ్ వాల్వు ఆంప్‌లు: తిరుపతి, చిత్తూరు గిటార్ వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

బాలాజీ కాలనీలో మా గదికి ఆంప్ మోసుకొచ్చేవాళ్లు, ఫోన్ చేసేవాళ్లు ఏళ్లుగా అవే ప్రశ్నలు అడుగుతున్నారు. చర్చిలో వాయించే పిల్లలు, పెళ్లి ఆర్కెస్ట్రా వాళ్లు, ఇంజనీరింగ్ కాలేజీ బ్యాండ్లు, అమెరికా నుంచి వచ్చిన పెట్టె ముందు కూర్చుని ప్లగ్గు ఎక్కడ పెట్టాలో తెలియనివాళ్లు, అందరి సందేహాలూ ఇక్కడ చేర్చాను. 1970ల చివరి నుంచి 1990ల మొదటి దాకా వచ్చిన, కాలితో చానెల్ మార్చుకునే వాల్వు ఆంప్‌ల సంగతే ఇదంతా. వాల్వులంటే పాత రేడియోల్లో వెలిగే గాజు గొట్టాలే. చానెల్ అంటే ఆంప్ లోపల శబ్దం పోయే ఒక దారి: శుభ్రంగా వినిపించేది క్లీన్, చీలి సాగేది (డిస్టార్షన్) లీడ్. ‘పాడైంది’ అని తెచ్చేవాటిలో చాలావాటికి జబ్బేమీ ఉండదు, దాని స్వభావమే అంత. ఇంకొన్నింటికి నిజంగానే జబ్బు ఉంటుంది, అది స్వభావమనుకుని వాడేస్తుంటారు. ఈ తేడా తెలియజెప్పాలనే ఇంత రాశాను. ఎవరి ప్రశ్న దగ్గరికి వాళ్లు నేరుగా వెళ్లొచ్చు.

## కొనే ముందు

అన్నా, పాత ఆంప్‌లలోనూ రెండు చానెళ్లు ఉండేవి కదా, ఈ చానెల్ స్విచింగ్‌లో కొత్తేముంది?

1960ల ఫెండర్, మార్షల్ ఆంప్‌లలో రెండు చానెళ్లకు వేర్వేరు జాక్‌లు ఉండేవి. ఒకదాన్నుంచి ఇంకోదానికి పోవాలంటే కేబుల్ పీకి మార్చాల్సిందే, పాట మధ్యలో కుదిరే పని కాదు. కాలిఫోర్నియాలో మీసా బూగీ పెట్టిన రాండల్ స్మిత్ గెయిన్ దశలను, అంటే సిగ్నల్‌ను పెంచే మెట్లను, ఒకదాని వెనక ఒకటి పేర్చి, తక్కువ వాల్యూమ్‌లో కూడా నోటు సాగేలా చేశాడు. 1970ల చివర్లో మార్క్ టూ వచ్చేసరికి ఆ సాగే లీడ్‌ను కాలి స్విచ్‌తో వేసుకోవడం మొదలైంది. తర్వాత అందరూ ఆ దారే పట్టారు. మార్షల్ జేసీఎం 800 వరసలో 50 వాట్ల 2205, 100 వాట్ల 2210 వచ్చాయి. ఫెండర్‌లో పాల్ రివెరా అనే డిజైనర్ హయాంలో కాన్సర్ట్, సూపర్ చాంప్, ట్విన్ రివర్బ్ టూ వచ్చాయి. 1987లో సోల్డానో ఎస్ఎల్ఓ 100, అదే ఏడాది మార్షల్ సిల్వర్ జూబిలీ వచ్చాయి.

రెండు చానెళ్లంటే ఒకే పెట్టెలో రెండు ఆంప్‌లు ఉన్నట్టేనా?

కాదు. ఒకే వంటింట్లో రెండు పొయ్యిలు ఉన్నట్టు. కరెంటు సరఫరా, సిగ్నల్‌ను రెండుగా పంచే ఫేజ్ ఇన్వర్టర్, స్పీకర్‌ను నడిపే పవర్ వాల్వులు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ అన్నీ ఉమ్మడి. చాలా మోడళ్లలో మొదటి వాల్వు కూడా ఉమ్మడే. ఎస్ఎల్ఓ 100 అంత పేరున్న ఆంప్‌లో కూడా బాస్, మిడిల్, ట్రెబుల్ నాబ్‌లు రెండు చానెళ్లకూ కలిపి ఒక్క వరసే. క్లీన్ నిండుగా ఉండాలని బాస్ పెంచితే లీడ్‌లో బాస్ ఎక్కువవుతుంది, లీడ్ పదునుగా ఉండాలని ట్రెబుల్ పెంచితే క్లీన్ గీరుకుంటుంది. ఇది లోపం కాదు. ఇలాంటి ఆంప్‌లో ముందు లీడ్ సరిచేసుకుని, క్లీన్‌లో వచ్చే చిన్న తేడాను గిటార్ టోన్ నాబ్‌తో, పికప్ మార్చి సర్దుకోవడం మేలు. రెండు చానెళ్లూ పూర్తిగా వేర్వేరుగా కావాలనుకునేవాళ్లు ఆ తర్వాతి కాలం ఆంప్‌లు చూసుకోవాలి.

సినిమా పాటలకు, చర్చి పాటలకు ఏది బాగుంటుంది?

క్లీన్ ముఖ్యమైతే రివెరా కాలపు ఫెండర్. వాటి క్లీన్ చానెల్ పాత ఫెండర్ వంశానిదే, తీగ తీగా విడివిడిగా వినిపిస్తుంది. లీడ్ చానెల్ మాత్రం అంత మెప్పించదు. ఇళయరాజా పాటల్లో లాగా ఆర్పెజియోలు వాయిస్తూ మధ్యలో ఒక్క లీడ్ ముక్క అందుకోవాలంటే మీసా మార్క్ వరసకు సాటి లేదు. కార్డులు గట్టిగా కొట్టేవాళ్లకు మార్షల్. సూపర్ చాంప్ ముద్దొస్తుంది కానీ అందులో 6సీ10 అనే అరుదైన వాల్వు ఉంటుంది. అది పోతే దొరకడం కష్టం, కొనేటప్పుడే ఇంకోటి దగ్గర పెట్టుకోండి.

50 వాట్లు చాలుతుందా, 100 తీసుకోవాలా?

50 చాలు. రెట్టింపు వాట్లంటే రెట్టింపు శబ్దం కాదు, తేడా 3 డెసిబెల్సే. సున్నితత్వం 97 డెసిబెల్స్ ఉన్న స్పీకర్ తీసి 100 ఉన్నది పెడితే అంతే తేడా వస్తుంది. 100 వాట్లకు నాలుగు పవర్ వాల్వులు, 50కి రెండే. మార్చాల్సి వచ్చిన రోజు ఖర్చు తేడా తెలుస్తుంది.

అమెరికాలో ఉన్న మా అన్న సంక్రాంతికి వస్తూ తెస్తానంటున్నాడు. తెప్పించుకోవచ్చా?

హెడ్ (స్పీకర్ లేని ఆంప్ పెట్టె) అయితే ఆలోచించొచ్చు. స్పీకర్‌తో కలిసిన కాంబో 23 కేజీల పెట్టెలో పట్టదు. ముందుగా వెనక పలక ఫొటో పంపమనండి. ‘120 వోల్ట్స్, 60 హెర్ట్జ్’ అని మాత్రమే ఉంటే ఇక్కడ అది ఎక్కువ వేడెక్కుతుంది. ‘50/60’ అని ఉంటే ఆ బెంగ లేదు. పవర్ వాల్వులు ఊడదీసి, ఏది ఏ సాకెట్‌దో రాసి, ఒక్కోటీ బట్టలో చుట్టి చేతి సంచిలో తెమ్మనండి. ఒకసారి వాల్వులు తీయకుండానే పార్శిల్‌లో పంపించారు. నేను పెట్టె తెరిచేసరికి ఒక వాల్వు పగిలి, ఆ గాజుపెంకులు రివర్బ్ స్ప్రింగుల్లో ఇరుక్కుని ఉన్నాయి.

సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు ఏం చూడాలి?

కనీసం అరగంట వాయించండి, అయిదు నిమిషాలు చాలదు. చల్లగా ఉన్నప్పుడు దాగిన జబ్బు వేడెక్కాక బయటపడుతుంది. కాలి స్విచ్ ఇరవై సార్లు నొక్కండి. ప్రతి నాబ్‌నూ ఈ చివర నుంచి ఆ చివర దాకా తిప్పండి. గరగర వస్తే దుమ్ము, క్లీనర్ కొడితే పోతుంది. గరగరతో పాటు వాల్యూమ్ కూడా ఎగిరిపడుతుంటే లోపల కెపాసిటర్ లీకవుతోందేమో చూడాలి. ట్రాన్స్‌ఫార్మర్లు అసలువేనా అని అడగండి. వాల్వు మార్చడం చిన్న ఖర్చు, ట్రాన్స్‌ఫార్మర్ మార్చడం ఆంప్ విలువనే మార్చేస్తుంది. కాలి స్విచ్ లేకుండా అమ్ముతుంటే ధర తగ్గించమనండి. కొన్ని మోడళ్ల స్విచ్‌లకు వేరే పిన్నుల ప్లగ్గు ఉంటుంది, బజారులో దొరకదు.

## ఇంటికి తెచ్చాక

మన 230 కరెంటుకు అమెరికా ఆంప్ ఎలా పెట్టాలి?

స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. 100 వాట్ల ఆంప్‌కు 500 వీఏ కంటే తక్కువది కొనొద్దు. 100 వాట్లనేది స్పీకర్‌కు వెళ్లేది, గోడ నుంచి లాగేది దానికి రెండు మూడు రెట్లు. ఒక దుకాణంలో 500 అని స్టిక్కర్ వేసి అమ్మిన దాన్ని నేను నమ్మి కొన్నాను. గంట వాయించేసరికి చెయ్యి పెట్టలేనంత కాలిపోయింది. విప్పి చూస్తే లోపలి కోర్ నా అరచేతి కంటే చిన్నది. అప్పట్నుంచి స్టిక్కర్ కంటే బరువునే నమ్ముతాను.

మన దగ్గర దొరికేవి ఎక్కువగా 110 వోల్టులు ఇస్తాయి. 60 హెర్ట్జ్ కోసం చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్‌కు మన 50 హెర్ట్జ్ మీద అదే మంచిది, 120 ఇస్తే కోర్ మీద భారం పెరిగి వేడెక్కుతుంది. 110లో వాల్వుల హీటర్‌కు 6.3కు బదులు 5.8 వోల్టుల దాకా వస్తుంది, పది శాతం హద్దు లోపలే. ఎర్తు వైరు స్టెప్‌డౌన్ గుండా ఆంప్ దాకా వస్తోందో లేదో మీటరుతో చూసి తీరాలి. ఇంగ్లండు ఆంప్ అయితే వెనక వోల్టేజి సెలెక్టర్ ఉంటుందేమో చూడండి, చాలావాటికి 220, 240 రెండూ ఉంటాయి. 240 మీద పెట్టండి.

ఇన్వర్టర్ మీద వాయించొచ్చా?

స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద వద్దు. ట్రాన్స్‌ఫార్మర్ బుర్రుమంటుంది, వేడెక్కుతుంది, స్పీకర్లో జుయ్యిమనే చప్పుడు వస్తుంది. సైన్ వేవ్ ఇన్వర్టర్ అయితే, ఆంప్ లాగే భారాన్ని మోయగలిగితే పర్వాలేదు. ఊరి చివర్న ఎండాకాలం సాయంత్రాలు వోల్టేజి పడిపోయే ఇళ్లలో స్టెబిలైజర్ పెట్టుకోవాలి.

ఎర్తు పిన్ను తీసేస్తే హమ్ (గుయ్యిమనే చప్పుడు) పోయింది. అలాగే వాడుకుంటాను, ఏమవుతుంది?

ప్రాణం పోతుంది. మెత్తగా చెప్పాల్సిన విషయం కాదిది. లోపల 450 వోల్టులున్న పెట్టె ఇది, దాని ఇనుప చట్రానికే మీ గిటార్ తీగలు తగిలి ఉంటాయి. లోపల ఏ వైరు ఊడి చట్రానికి తగిలినా ఆ కరెంటు భూమిలోకి పోవడానికి ఎర్తు ఒక్కటే దారి. అది లేకపోతే దారి మీరే. గంగమ్మ జాతర స్టేజీ మీద నా కళ్ల ముందే ఒక కుర్రాడు గిటార్ పట్టుకుని మైకుకు పెదవి ఆనించగానే చిటుక్కుమని వెనక్కి పడ్డాడు. కింద చాప ఉంది, చెప్పులు ఉన్నాయి, బతికాడు. ఆంప్‌కు పెట్టిన ఎక్స్‌టెన్షన్ బాక్సుకు ఎర్తే లేదు. రెండు పిన్నుల పాత వైరుతో వచ్చిన ఆంప్‌కు వాయించే ముందే మూడు పిన్నుల వైరు వేయించండి. హమ్ పోగొట్టడానికి వేరే దారులున్నాయి: ఆంప్, మిక్సర్, పెడల్ బోర్డు అన్నీ ఒకే బోర్డు నుంచి తీసుకోండి. మిక్సర్‌కు లైన్ ఇస్తే మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ బాక్సు పెట్టండి.

స్పీకర్ పెట్టకుండా ఆన్ చేసి చూడొచ్చా?

వద్దు. వాయించే వేళ స్పీకర్ లేకపోతే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో వోల్టేజి ఎగదన్ని, లోపలి ఇన్సులేషన్‌నో వాల్వు సాకెట్‌నో కాల్చేస్తుంది. 8 ఓంల క్యాబినెట్‌కు సెలెక్టర్ 8 మీదే ఉండాలి. స్పీకర్ కేబుల్ కూడా స్పీకర్ కేబులే కావాలి, గిటార్ కేబుల్ పనికిరాదు.

## వాయించేటప్పుడు

లీడ్‌లో వాయిస్తుంటే వెనక క్లీన్ చానెల్ సన్నగా వినబడుతోంది. పాడైందా?

మార్షల్ 2205, 2210 పాతవాటికి ఇది పుట్టుకతో వచ్చిన గుణం. ఆపేసిన చానెల్ పూర్తిగా ఆగదు, క్లీన్ వాల్యూమ్ ఎంత పెంచితే అంత లీక్ అవుతుంది. క్లీన్ వాల్యూమ్ తగ్గించి చూడండి, లీడ్ ఒక్కసారిగా శుభ్రపడుతుంది. నాకైతే కొంచెం లీక్ ఉన్నప్పుడే ఇష్టం. డిస్టార్షన్ కింద అసలు తీగ చప్పుడు సన్నగా ఉండి నోటు మొదలు స్పష్టంగా తెలుస్తుంది. చాలా ఏళ్లుగా లేని లీక్ కొత్తగా మొదలైతే మాత్రం మెకానిక్‌కు చూపించాలి.

మీసాలో లీడ్ బురద బురదగా ఉంది, గొప్ప ఆంప్ అన్నారే?

బాస్ నాబ్ ఎక్కడుందో చూడండి. మార్క్ వరసలో టోన్ నాబ్‌లు లీడ్ గెయిన్ కంటే ముందు వస్తాయి. అంటే మీరు పెంచిన బాస్ అంతా వెళ్లి ముందు డిస్టార్ట్ అవుతుంది. బాస్ 1 లేదా 2కి తెచ్చేయండి. ట్రెబుల్ 7 దాటించండి, ఇందులో అది దాదాపు రెండో గెయిన్ నాబ్ లాంటిది. మిడిల్ తక్కువ చాలు. పోయిన బాస్‌ను ముందున్న అయిదు స్లయిడర్ల గ్రాఫిక్ ఈక్వలైజర్‌తో తిరిగి తెచ్చుకోండి. 80 హెర్ట్జ్ కొంచెం పైకి, 750 కిందికి, 6600 కొంచెం పైకి. ఆ ఈక్వలైజర్ డిస్టార్షన్ తర్వాత వస్తుంది కాబట్టి దానితో పెంచిన బాస్ బిగువుగా ఉంటుంది. మార్క్ టూ సీ ప్లస్ పేరు మోగిపోవడానికి ఈ అమరిక కూడా ఒక కారణం. పది నిమిషాలు ఓపిగ్గా తిప్పితే అదే ఆంప్ వేరేదైపోతుంది.

నాబ్‌ను బయటికి లాగితే ఏదో మారుతోంది, ఏంటిది?

ఆ కాలంలో పలక మీద చోటు చాలక స్విచ్‌లను నాబ్‌ల వెనకే పెట్టారు. లాగితే బ్రైట్, లాగితే గెయిన్ బూస్ట్, లాగితే లీడ్. మోయడంలో తగిలి ఏదో ఒకటి బయటికొచ్చి ఉంటుంది. ‘నిన్నటి టోన్ ఇవాళ లేదు’ అని ఫోన్ చేసేవాళ్లను నేను మొదట అడిగేది ఇదే.

మార్షల్‌లో డయోడ్లు ఉన్నాయంట, మరి అది అసలైన వాల్వు టోన్ కాదా?

2205, 2210లలో, సిల్వర్ జూబిలీలో లీడ్ గెయిన్ కోసం డయోడ్లు వాడిన మాట నిజం. కొందరు కత్తిరించేస్తున్నారు. వద్దు. డయోడ్లు అలను ముందే అదిమిపెట్టడం వల్లే ఆ ఆంప్‌ల లీడ్ మెత్తగా సాగుతుంది. సిల్వర్ జూబిలీని ఇష్టపడే వాళ్లు ఇష్టపడేది ఆ మెత్తదనాన్నే. డయోడ్లు పీకేస్తే చప్పుడు పెరుగుతుంది, గుణం పోతుంది.

చానెల్ మార్చేటప్పుడు ‘టప్’మంటోంది, ఒక్కోసారి ఆలస్యంగా మారుతోంది. ఎందుకు?

స్విచింగ్ రెండు రకాలు. ఒకటి ఎల్‌డీఆర్. నల్లటి చిన్న డబ్బీలో ఒక దీపం, ఎదురుగా వెలుగు పడితే నిరోధం తగ్గే కణం ఉంటాయి. దీపం వెలిగితే దారి తెరుచుకుంటుంది, ఆరితే మూసుకుంటుంది. ఆ కణం చీకటికి అలవాటుపడడానికి కాస్త సమయం తీసుకుంటుంది, ఎండలోంచి గర్భగుడిలోకి వెళితే మన కళ్లు తీసుకున్నట్టే. అందుకే ఎల్‌డీఆర్ ఆంప్‌లలో మార్పు మెత్తగా, ఒక్క క్షణం వెనకబడి జరుగుతుంది. అది స్వభావం. ఏళ్లు గడిచాక దీపం మసకబారి చానెల్ సగమే తెరుచుకుంటే అది జబ్బు, ఆ డబ్బీ మార్చాలి.

రెండోది రిలే, కరెంటుతో లాగే చిన్న స్విచ్. లోపల ‘టిక్’మని వినబడుతుంది, మార్పు తక్షణం. పెట్టె లోపలి టిక్ మామూలే. స్పీకర్లో గట్టిగా ‘టప్’ వస్తే డీసీని ఆపాల్సిన ఒక కప్లింగ్ కెపాసిటర్ గుండా డీసీ వోల్టేజి లీకవుతోందని అర్థం. ఆ కెపాసిటర్ మార్చడం చిన్న పని, రిలే మార్చేయమనే ముందు ఇది చూపించండి.

ఎఫెక్ట్స్ లూప్‌లో డిలే పెడితే టోన్ చచ్చిపోతోంది?

లూప్ అంటే ఆంప్ మధ్యలో ఎఫెక్ట్స్ కలిపే జాక్‌లు. అప్పటి లూపుల్లో సిగ్నల్ చాలావరకు స్టూడియో ర్యాకుల కోసం కాబట్టి పెద్దది, మన చిన్న పెడళ్లు తట్టుకోలేవు. లెవెల్ స్విచ్ ఉంటే తగ్గించండి. లేకపోతే డిలేను గిటార్‌కూ ఆంప్‌కూ మధ్యే పెట్టి క్లీన్‌లో వాడుకోండి.

## మొరాయించినప్పుడు

హమ్ వస్తోంది. ఎక్కడి నుంచో ఎలా తెలుస్తుంది?

చెవితోనే తెలుస్తుంది. గిటార్ శ్రుతి చేసి ఆరో తీగ మూడో ఫ్రెట్ మీటండి. ఆ ‘జీ’ స్వరం 98 హెర్ట్జ్. హమ్ దానితో దాదాపు కలిస్తే అది 100 హెర్ట్జ్, కరెంటును చదును చేసే ఫిల్టర్ కెపాసిటర్లు ముసలివైనాయని అనుమానించాలి. అంతకు ఒక స్థాయి కింద ఉంటే 50 హెర్ట్జ్: ఎర్తు లూపో, హీటర్ వైర్లో, గిటార్ పికప్పో. ఇప్పుడు కేబుల్ పీకేయండి. హమ్ పోతే ఆంప్ బాగానే ఉంది. కల్యాణ మండపంలో జనరేటర్ మీద ఉంటే ఈ పరీక్ష కుదరదు, జనరేటర్ వేగం ఊగితే హమ్ శ్రుతి కూడా ఊగుతుంది.

ప్రోగ్రాం మధ్యలో లీడ్ పడడం ఆగిపోయింది. ఇంట్లో బాగానే ఉంది. ఎందుకు?

చంద్రగిరి దగ్గర ఒక పెళ్లిలో నాకే జరిగింది. కాలి స్విచ్ మీద దీపం వెలుగుతోంది, చానెల్ మారట్లేదు. కేబుల్ మార్చాను, స్విచ్ విప్పాను, ఏమీ లేదు. చివరికి సాకెట్లో మీటరు పెడితే 170 వోల్టులు. చాలా ఆంప్‌లలో రిలేలకు కరెంటు హీటర్ల వరస నుంచే వస్తుంది. వోల్టేజి అంత పడితే రిలేకు లాగే బలం ఉండదు. పాటేమో నడుస్తూనే ఉంటుంది కాబట్టి ఎవరికీ వోల్టేజి మీద అనుమానం రాదు. ఆ రోజు వంటవాళ్ల గ్రైండర్లు ఆగగానే లీడ్ దానంతటదే వచ్చింది.

ఆంప్ మీద తడితే కంగుమంటోంది?

ప్రీఆంప్ (ముందు దశ) వాల్వు మైక్రోఫోనిక్ అయింది, అంటే తట్టిన చప్పుడును మైకులా పట్టుకుంటోంది. ఆంప్ ఆన్‌లో ఉంచి, పెన్సిల్ వెనకతో ఒక్కో చిన్న వాల్వునూ మెల్లగా తట్టండి. ఏది గంటలా మోగితే అది. ఎక్కువగా 12ఏఎక్స్7, మన రేడియో మెకానిక్‌ల భాషలో ఈసీసీ83. దాన్ని పారేయకండి, రివర్బ్ లాంటి వెనక స్థానాల్లో ఇంకా పనికొస్తుంది.

వాల్వు ఎర్రగా మెరుస్తోంది, మంచిదేనా?

నడుమ నారింజ రంగు దీపం మామూలే. గాజు లోపల నీలి కాంతి కూడా మామూలే. బయటి బూడిద రంగు రేకు, అంటే ప్లేటు, ఎర్రబడితే మాత్రం వెంటనే స్విచ్ ఆపండి. వాల్వు కాలిపోతోంది, వెంట ట్రాన్స్‌ఫార్మర్‌ను తీసుకుపోతుంది.

ఫ్యూజు మాటిమాటికీ పోతోంది, కొంచెం పెద్దది వేస్తే?

వేయొద్దు. వెనక రాసిన విలువే, స్లో బ్లో రకమే. ఫ్యూజు పోవడం జబ్బు చెబుతోందన్నమాట, ఎక్కువసార్లు పవర్ వాల్వు షార్టే.

పవర్ వాల్వులు మార్చాక బయాస్ చేయించాలా?

బయాస్ అంటే వాయించకుండా ఉన్నప్పుడు పవర్ వాల్వుల గుండా పారే కరెంటును సరిచేయడం. మార్షల్, ఫెండర్ అయితే చేయించాలి. ఈఎల్34 ప్లేటు 25 వాట్లు మోస్తుంది, 6ఎల్6జీసీ 30 వాట్లు. వాయించకుండా ఉన్నప్పుడు అందులో 70 శాతానికి మించకూడదు. మీసాలో బయాస్ తిప్పే నాబే ఉండదు, ఆ కంపెనీ రంగు గుర్తుతో ఇచ్చే వాల్వులు నేరుగా పెడతారు. వేరేవి పెడితే కొలిచి చూసుకోవాలి. ఇప్పుడు కొత్త వాల్వులు స్లొవాకియా, రష్యా, చైనాల నుంచి వస్తున్నాయి. వారానికి ఒకరోజు వాయించేవాళ్లకు పవర్ వాల్వులు ఏళ్లకేళ్లు వస్తాయి, తేదీ చూసి మార్చాల్సిన పనిలేదు. శబ్దం డొల్లగా అయితే మార్చండి.

కెపాసిటర్లు నేనే మార్చుకోవచ్చా? యూట్యూబులో చూశాను.

ప్లగ్గు పీకాక కూడా వాటిలో 400, 500 వోల్టులు నిలిచి ఉండొచ్చు. చిత్తూరులో నాకు పని నేర్పిన రేడియో మేస్త్రి వాల్వు సెట్టు విప్పేటప్పుడు ఎడమ చెయ్యి ప్యాంటు జేబులో పెట్టుకునేవాడు. రెండు చేతులూ లోపల ఉంటే షాక్ ఒక చేతి నుంచి ఇంకో చేతికి గుండె మీదుగా పోతుంది. నన్నూ అలాగే నిలబెట్టేవాడు. రెసిస్టర్‌తో కెపాసిటర్‌ను ఖాళీ చేసి, మీటరు పెట్టి సున్నా చూసి, నాలుగు నిమిషాల తర్వాత మళ్లీ చూసేవాడు. ఖాళీ అయిన కెపాసిటర్ తనంతట తాను కొంత తిరిగి నింపుకుంటుంది. ఈ అలవాట్లు చేతికి ఎక్కేదాకా ఎవరో ఒకరి పక్కన నిలబడి చూడండి, ఒంటరిగా మొదలుపెట్టకండి.

మన దగ్గర ఎవరికి చూపించాలి? వచ్చేటప్పుడు ఏం తేవాలి?

వాల్వు రేడియోలు బాగుచేసిన పాత మేస్త్రులు తిరుపతిలో, చిత్తూరులో ఇంకా ఉన్నారు. గిటార్ ఆంప్ చూసి మొదట వెనకాడతారు, కానీ లోపలున్నది వాళ్లకు తెలిసిన విద్యే. ఆ మోడల్ సర్క్యూట్ బొమ్మ ప్రింటు తీసుకెళ్లి ముందు పెడితే వాళ్ల చెయ్యి తానే కదులుతుంది. కెపాసిటర్లు, రెసిస్టర్లు చెన్నై రిచీ స్ట్రీట్‌లో, బెంగళూరు ఎస్పీ రోడ్డులో దొరుకుతాయి. తీసిన పాత భాగాలన్నీ ఒక కవర్లో వేసి వెనక్కి ఇమ్మని అడగండి, రేపు అమ్మేటప్పుడు అవే సాక్ష్యం. ఆంప్‌తో పాటు మీ గిటార్, మీ కేబుల్, కాలి స్విచ్ కూడా తీసుకెళ్లండి. స్విచ్ ఇంట్లో మరిచిపోయి వచ్చినవాళ్లను నేను బస్సెక్కించి వెనక్కి పంపిన రోజులున్నాయి.